498ఏ, డీవీసీ కేసు మీ మీద పడితే: మొదటి రోజు నుంచి కేసు మూసేదాకా ఏం చెయ్యాలి, ఏం చెయ్యకూడదు

ప్రతి వారం కనీసం ఇద్దరు ముగ్గురు ఇదే అడుగుతారు. "సార్, మహిళా స్టేషన్ నుంచి ఫోన్ వచ్చింది, మా ఆవిడ కంప్లైంట్ ఇచ్చిందంట, అరెస్ట్ చేస్తారా, అమ్మానాన్నల్ని కూడా తీసుకెళ్తారా, కొన్నాళ్ళు ఊరొదిలి వెళ్ళిపోమంటారా?" ఒక్కొక్కరికీ విడిగా చెప్పే బదులు మొత్తం ఒకచోట రాస్తున్నా. నేను జిల్లా కోర్టులో క్రిమినల్, ఫ్యామిలీ కేసులు చూస్తాను, భార్యల తరఫున నిలబడ్డాను, భర్తల తరఫునా నిలబడ్డాను. ఇది ఆంధ్ర, తెలంగాణ కోర్టుల్లో నడిచే పద్ధతిని బట్టి రాసింది.

ముందే ఒక మాట చెప్పాలి. నిజంగా చెయ్యి చేసుకున్న వాళ్ళు కూడా ఇది చదువుతుంటారు. మీకూ లాయర్ని పెట్టుకునే హక్కు ఉంది, చట్ట ప్రకారమే విచారణ జరగాలని అడిగే హక్కు ఉంది, కానీ జరిగిందాన్ని జరగలేదనిపించే దారి ఇందులో దొరకదు. ఏమీ చెయ్యకపోయినా పేరు రాయించుకున్నవాళ్ళు, ఎక్కడో బెంగళూరులో ఉండే ఆడపడుచు, పెళ్ళికి ఒక్కసారి వచ్చి వెళ్ళిన మేనమామ, వీళ్ళకి మాత్రం చాలా దారులున్నాయి.

ఇన్నేళ్ళలో నేను చూసిందాన్ని బట్టి, కంప్లైంట్‌లో రాసినదాని వల్ల ఇరుక్కున్నవాళ్ళకంటే కంప్లైంట్ పడ్డాక మొదటి నాలుగు రోజుల్లో కోపంలో, భయంలో చేసిన పనుల వల్ల ఇరుక్కున్నవాళ్ళే ఎక్కువ. అందుకే ఆ మొదటి రోజుల గురించే ఎక్కువ రాస్తాను.

ముందు మీ మీద పడింది ఏ కేసో తెలుసుకోండి

అందరూ అన్నిటినీ కలిపి "498 కేసు" అంటారు, అవి మూడు వేరు వేరు.

ఒకటి పోలీస్ కేసు. క్రైమ్ నంబర్ ఉంటుంది, ఎఫ్‌ఐఆర్ ఉంటుంది. 2024 జూలై 1కి ముందు జరిగిన సంఘటనలైతే ఐపీసీ 498ఏ, ఆ తర్వాతవైతే భారతీయ న్యాయ సంహిత 85వ సెక్షన్, విషయం రెండింటిలోనూ ఒకటే, భర్త, అతని బంధువులు భార్యని హింసించడం, మూడేళ్ళ దాకా జైలు, జరిమానా. దీంతోపాటు వరకట్న నిషేధ చట్టం 3, 4 సెక్షన్లు దాదాపు ఎప్పుడూ తోడుగా వస్తాయి.

రెండోది డీవీసీ, అంటే 2005 గృహ హింస చట్టం కింద మేజిస్ట్రేట్ కోర్టులో వేసే పిటిషన్. ఇది ప్రధానంగా సివిల్ స్వభావం ఉన్న కేసు, డీవీసీ వేసినంత మాత్రాన ఎవరూ వచ్చి అరెస్ట్ చెయ్యరు. రక్షణ, ఇంట్లో ఉండే హక్కు, డబ్బు, పిల్లల కస్టడీ, నష్టపరిహారం, ఇవి అడుగుతారు.

మూడోది ఎంసీ, మెయింటెనెన్స్ కేసు, పాత సీఆర్‌పీసీలో 125, ఇప్పుడు దాని బదులు వచ్చిన బీఎన్‌ఎస్‌ఎస్ (భారతీయ నాగరిక్ సురక్షా సంహిత) 144.

చేతిలో ఉన్న కాగితం మీద నంబర్ చూడండి, క్రైమ్ నంబరా, డీవీసీ నంబరా, ఎంసీ నంబరా. ఏ నంబరూ లేకుండా ఉత్త ఫోన్ కాల్ అయితే ఇంకా పిటిషన్ దశలో, కౌన్సెలింగ్ దశలో ఉందని అర్థం. పెళ్ళయిన ఏడేళ్ళలోపు భార్య చనిపోయిన కేసు వరకట్న మరణం కింద వెళ్తుంది, అది వేరే లెక్క, ఇందులో రాసినవి దానికి సరిపోవు, వెంటనే మంచి క్రిమినల్ లాయర్ దగ్గరకి వెళ్ళండి.

దగ్గర పెట్టుకోవాల్సినవి

- కంప్లైంట్, ఎఫ్‌ఐఆర్, నోటీసుల కాపీలు, ఏది వచ్చినా మొదటి పేజీ మీద అందిన తేదీ రాసి పెట్టండి.
- పెళ్ళి ఫోటోలు, శుభలేఖ, మ్యారేజ్ సర్టిఫికెట్.
- ఎవరు ఎప్పుడు ఎక్కడ ఉన్నారో చూపే కాగితాలు: రెంట్ అగ్రిమెంట్, ఆధార్, ఆఫీస్ హాజరు, రైలు టికెట్లు, పాస్‌పోర్ట్ స్టాంపులు. బంధువులకి ఇవే ప్రాణం.
- పెళ్ళి దగ్గర నుంచి ఇప్పటిదాకా బ్యాంక్ స్టేట్‌మెంట్లు, ఫోన్‌పే, గూగుల్‌పే హిస్టరీ, జీతం స్లిప్పులు, ఐటీ రిటర్న్స్, లోన్ ఈఎంఐలు.
- బంగారం, సామాను లిస్టు, బిల్లులు ఉంటే బిల్లులు.
- మీ అసలు ఫోన్. మార్చకండి, రీసెట్ కొట్టకండి.
- జామీను ఉండే ఇద్దరు మనుషులు, వాళ్ళ ఆధార్, ఇంటిపన్ను రసీదు లేదా పట్టాదారు పాస్‌బుక్ లేదా జీతం సర్టిఫికెట్. ఏ కోర్టు ఏది అడుగుతుందో ముందే కనుక్కోండి, శుక్రవారం సాయంత్రం బెయిల్ వచ్చి జామీనుదారు దొరక్క సోమవారం దాకా లోపలే ఉన్నవాళ్ళని చూశాను.
- ఒక నోటు పుస్తకం. పెళ్ళి నుంచి జరిగినవన్నీ తేదీలతో రాసుకోండి, మీకు వ్యతిరేకంగా ఉండేవి కూడా. ఇది మీ లాయర్ ఒక్కరి కోసమే.

లాయర్‌కి ఇచ్చుకునే స్తోమత లేకపోతే జిల్లా కోర్టు ఆవరణలోనే న్యాయ సేవాధికార సంస్థ ఆఫీస్ ఉంటుంది, 15100కి ఫోన్ చేసినా చెప్తారు. చాలామందికి తెలియనిది ఏంటంటే, నిందితురాలు ఆడమనిషి అయితే, అంటే మీ అమ్మగారు, అక్క, వాళ్ళకి ఆదాయంతో పని లేకుండా ఉచిత లాయర్ దొరుకుతారు. ఎస్సీ, ఎస్టీ వాళ్ళకీ, కస్టడీలో ఉన్నవాళ్ళకీ అంతే.

1. మొదటి రోజు: ఎవరి దగ్గరకీ వెళ్ళకండి, ఎవరికీ మెసేజ్ పెట్టకండి

చెప్పడం తేలిక, పాటించడం చాలా కష్టం, నాకు తెలుసు. ఆవిడకి ఫోన్ చేసి "ఎందుకిలా చేశావ్" అని అడగాలనిపిస్తుంది, మామగారికి ఫోన్ చేసి నిలదియ్యాలనిపిస్తుంది. వద్దు. ఒకాయన తరఫున వాళ్ళ అన్న, ఇంకో ముగ్గురు కారేసుకుని అమ్మాయి పుట్టింటికి "మాట్లాడదామని" వెళ్ళారు, అక్కడ నలుగురు పోగయ్యారు, మాటా మాటా పెరిగింది, తెల్లారేసరికి ఇంట్లోకి చొరబడి బెదిరించారని ఇంకో కేసు. మొదటి కేసులో పెద్దగా ఏమీ లేదు, రెండో కేసే వాళ్ళని రెండేళ్ళు తిప్పింది.

వాట్సాప్ స్టేటస్‌లో సామెతలు, ఫేస్‌బుక్‌లో పెళ్ళి గురించి పోస్టులు, ఇవి కూడా ప్రింట్ తీసి కోర్టులో పెడతారు. పొలం తమ్ముడి పేరు మీదకి, ఫ్లాట్ అమ్మ పేరు మీదకి మార్చేద్దామనే సలహా ఎవరో ఒకరు ఇస్తారు, ఆ రిజిస్ట్రేషన్ తేదీ చూడగానే జడ్జిగారికి విషయం అర్థమైపోతుంది.

పిల్లల్ని చూడాలనుంటే, లేదా స్కూల్ ఫీజు, మందులు లాంటి అవసరం ఉంటే లాయర్ ద్వారా రాతపూర్వకంగా అడగండి.

ఒకే ఇంట్లో ఉంటూ గొడవ మళ్ళీ పెరిగేలా ఉంటే మీరే బయటికి వచ్చి కొన్నాళ్ళు బంధువుల ఇంట్లో ఉండండి, ఇంటి ఖర్చులు మాత్రం ఆపకండి. ఆవిడని బయటికి పంపడం, తాళం మార్చడం అసలు వద్దు. ఇల్లు మీ నాన్న పేరు మీదున్నా సరే, కోడలు అక్కడ కాపురం చేసి ఉంటే అది ఉమ్మడి నివాసం కిందకి రావచ్చని సుప్రీంకోర్టు 2020లో సతీశ్ చందర్ అహూజా కేసులో చెప్పింది. "ఇల్లు నాది కాదు కదా" అనే వాదన ఇప్పుడు ఒక్కటే నిలబడదు.

2. స్టేషన్‌కి పిలిస్తే వెళ్ళండి, కానీ ఏం సంతకం పెడుతున్నారో చదవండి

ఊరొదిలి పారిపోవడం కంటే పెద్ద తప్పు లేదు. 2014 జూలై 2న అర్నేశ్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది, ఏడేళ్ళ లోపు శిక్ష పడే నేరాల్లో ఆటోమేటిగ్గా అరెస్ట్ చెయ్యకూడదు, ముందు నోటీసు ఇచ్చి పిలవాలి, అరెస్ట్ తప్పదంటే కారణాలు రాయాలి అని. అప్పట్లో 41ఏ నోటీసు అనేవాళ్ళు, ఇప్పుడు బీఎన్‌ఎస్‌ఎస్ 35(3). మీరు నోటీసు ప్రకారం హాజరవుతూ సహకరిస్తున్నంత కాలం ఆ రక్షణ ఉంటుంది, రాకపోతే ఆ రాకపోవడమే అరెస్టుకి కారణం అవుతుంది.

నోటీసు వాట్సాప్‌లో పంపితే చెల్లదని 2025 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పిన మాట నిజమే, అలాగని వాట్సాప్‌లో వచ్చింది కదా అని పక్కన పడెయ్యకండి. వెళ్ళి, నోటీసు కాగితం రూపంలో ఇవ్వమని అడిగి, హాజరైనట్టు ఒక లెటర్ ఇచ్చి దాని మీద అందినట్టు సంతకం, స్టాంపు వేయించుకోండి. ఆరోజు రాలేకపోతే ముందురోజే కారణం రాసి, తేదీ మార్చమని స్పీడ్ పోస్టులో పంపండి.

కేసు ఇంకా ఎఫ్‌ఐఆర్ కాకపోతే కౌన్సెలింగ్‌కి పిలుస్తారు. ఇక్కడే జాగ్రత్త. కౌన్సెలింగ్ అయ్యాక ఒక కాగితం రాస్తారు, అందులో మామూలుగా ఉండే వాక్యం "ఇక మీదట నేను నా భార్యను కొట్టను, తిట్టను, కట్నం కోసం వేధించను" అని. చాలామంది ఇంటికెళ్ళిపోవచ్చనే తొందరలో సంతకం పెట్టేస్తారు, ఆర్నెల్ల తర్వాత అదే కాగితం "ముందు కొట్టినట్టు ఒప్పుకున్నాడు" అని ఛార్జిషీట్‌లో కనపడుతుంది. జరగనిది రాస్తే సంతకం పెట్టొద్దు, "ఇద్దరం కలిసి ఉండటానికి ప్రయత్నిస్తాం, ఫలానా ఇంట్లో ఉంటాం, ఖర్చులకి నెలకి ఇంత ఇస్తాను" అని ముందుకి సంబంధించినవి మాత్రమే రాయమని మర్యాదగా అడగండి. రాసిన కాగితానికి ఒక కాపీ అడగండి, కాపీ ఇవ్వకపోతే ఫోటో అయినా తీసుకోండి.

తెల్ల కాగితం మీద సంతకం ఎప్పుడూ, ఎవరికీ పెట్టకండి. విచారణలో మీరు చెప్పింది పోలీసులు రాసుకున్న స్టేట్‌మెంట్ మీద చట్ట ప్రకారం మీ సంతకం తీసుకోకూడదు. నోటీసు అందినట్టు సంతకం, బెయిల్ బాండ్ మీద సంతకం వేరు, అవి పెట్టాలి. మీకు మీరే వ్యతిరేకంగా చెప్పుకోనక్కర్లేదని రాజ్యాంగం 20(3)లో ఉంది, కానీ అబద్ధం చెప్పడానికీ ఊరుకోవడానికీ తేడా ఉంది. తెలియనిది తెలియదనండి, మిగతాది లాయర్‌తో మాట్లాడి రాసిస్తాననండి.

సరిచూసుకోండి: స్టేషన్ నుంచి బయటికి వచ్చేటప్పటికి మీ చేతిలో మూడు ఉండాలి, క్రైమ్ నంబర్ లేదా పిటిషన్ నంబర్, ఎవరు విచారణ చేస్తున్నారో వాళ్ళ పేరు హోదా, మళ్ళీ ఎప్పుడు రావాలో తేదీ.

3. బెయిల్ సంగతి

అందరికీ ముందస్తు బెయిల్ అవసరం లేదు. ఉత్త 498ఏ లేదా 85, దాంతోపాటు కట్నం సెక్షన్లు మామూలుగా వేసి ఉంటే చాలా చోట్ల 35(3) నోటీసుతోనే సరిపెడుతున్నారు. కానీ గాయాలు, మెడికల్ రిపోర్ట్, హత్యాయత్నం లాంటి పెద్ద సెక్షన్ ఏదైనా ఉంటే ఆలస్యం చెయ్యకుండా బీఎన్‌ఎస్‌ఎస్ 482 కింద సెషన్స్ కోర్టులోనో హైకోర్టులోనో ముందస్తు బెయిల్ వెయ్యండి. ఇక్కడ అందరూ ఇంకా పాత నంబర్‌తో 438 అనే పిలుస్తారు, కొత్త చట్టంలో 482 అంటే ముందస్తు బెయిల్, పాత చట్టంలో 482 అంటే క్వాష్ (హైకోర్టులో కేసు కొట్టేయించుకోవడం), ఈ రెండూ కలిపేసి క్లయింట్లు చాలా తికమక పడతారు. క్వాష్ ఇప్పుడు 528.

బెయిల్ ఆర్డర్ వచ్చాక పండగ చేసుకోకముందు షరతులు చదవండి. ఎన్ని రోజుల్లో జామీను పెట్టాలి, ప్రతి ఆదివారం స్టేషన్‌లో సంతకమా, పాస్‌పోర్ట్ అప్పగించాలా, ఫిర్యాదుదారుని కలవొద్దని ఉందా. ఒక్క షరతు తప్పినా బెయిల్ రద్దు పిటిషన్ వస్తుంది. షరతు మరీ కష్టంగా ఉంటే, ఉదాహరణకి ఉద్యోగం పూణేలో ఉండి వారం వారం గుంటూరు రావాల్సి వస్తే, మానెయ్యడం కాదు, షరతు సడలించమని అదే కోర్టులో పిటిషన్ వెయ్యాలి.

4. డీవీసీ నోటీసు వస్తే

నోటీసుతో పిటిషన్, అఫిడవిట్, మధ్యంతర ఉత్తర్వు కోసం వేసిన పిటిషన్, ప్రొటెక్షన్ ఆఫీసర్ (ఈ చట్టం కింద ప్రభుత్వం పెట్టిన అధికారి) రిపోర్ట్, ఇవన్నీ వచ్చాయో లేదో చూడండి. లేనివి వాయిదా రోజు లాయర్ ద్వారా అడిగి తీసుకోండి. వకాలత్ వేసి కౌంటర్‌కి, అంటే మీ రాతపూర్వక జవాబుకి, టైం అడగండి. చట్టం 60 రోజుల్లో తేల్చడానికి ప్రయత్నించాలంటుంది, అలా తేలడం నేను అరుదుగా చూశాను, అయినా మధ్యంతర ఉత్తర్వులు మాత్రం త్వరగానే వస్తాయి.

కౌంటర్‌లో అందరూ చేసే తప్పు, ప్రతి పేరాకీ "ఇది అబద్ధం, కల్పితం" అని రాసి, చివర్లో ఆవిడ గుణం మీద నాలుగు పేజీలు రాయడం. దయచేసి ఆ పని చెయ్యకండి. ఒకటి, అది మనిషిగా తప్పు. రెండు, మాటలతో, మనసుకి చేసే హింస కూడా ఈ చట్టంలో హింసే, మీ కౌంటరే దానికి సాక్ష్యం అవుతుంది. ప్రతి ఆరోపణకీ తేదీ, చోటు, కాగితం, అంతవరకే రాయండి.

23వ సెక్షన్ కింద మీరు లేకుండానే, ఆవిడ అఫిడవిట్ మీద ఎక్స్‌పార్టీ ఉత్తర్వు రావచ్చు. నేను కొత్తగా ప్రాక్టీస్ పెట్టిన రోజుల్లో ఒక క్లయింట్‌కి నోటీసు పాత అద్దె ఇంటికి వెళ్ళింది, ఆయన ఇల్లు మారిన సంగతి నేనూ గట్టిగా పట్టించుకోలేదు, ఉత్తర్వు వచ్చిన మూడు నెలలకి తెలిసింది, అప్పటికి బకాయి కుప్పైంది. అప్పట్నించీ ఎవరొచ్చినా మొదట కొత్త అడ్రస్ మెమో వేయిస్తాను.

ఉత్తర్వు తప్పనిపిస్తే దారులు మూడు. ఎక్స్‌పార్టీ అయితే అదే కోర్టులో రద్దు చెయ్యమని వెయ్యడం, పరిస్థితులు మారితే 25(2) కింద మార్చమని అడగడం, లేదా 29 కింద సెషన్స్ కోర్టులో అప్పీల్, దానికి 30 రోజులే గడువు. ఈలోగా ఉత్తర్వు పాటించాల్సిందే. రక్షణ ఉత్తర్వు ఉల్లంఘిస్తే 31వ సెక్షన్ కింద ఏడాది దాకా జైలు, 20 వేల దాకా జరిమానా, లేదా రెండూ, పైగా అది నాన్‌బెయిలబుల్. అప్పటిదాకా అరెస్టు లేని కేసు అక్కడ అరెస్టు ఉన్న కేసు అయిపోతుంది. "ఆవిడే ఫోన్ చేసి రమ్మంది సార్" అని వస్తారు, ఆవిడ పిలిచినా ఉత్తర్వు కోర్టుది, కోర్టు మార్చేదాకా మీరు వెళ్ళకూడదు.

ఇంకోటి, "మేమందరం హైదరాబాద్‌లో ఉంటే ఒంగోలులో కేసు ఎలా వేస్తారు" అని ఆ ఒక్క పాయింట్ మీద డబ్బు తగలెయ్యకండి. ఆవిడ తాత్కాలికంగా ఉంటున్న చోట డీవీసీ వెయ్యొచ్చని చట్టంలోనే ఉంది, 498ఏ విషయంలో కూడా పుట్టింటి దగ్గర కేసు పెట్టొచ్చని 2019లో రూపాలీ దేవి కేసులో సుప్రీంకోర్టు తేల్చేసింది.

5. డబ్బు లెక్కలు దాచకండి

2020 నవంబర్ 4న రజనీశ్ వర్సెస్ నేహా తీర్పు వచ్చాక మెయింటెనెన్స్ కేసుల్లో ఇద్దరూ ఆస్తులు, అప్పులు, ఆదాయం మీద అఫిడవిట్ వెయ్యాలి. దీంట్లో జీతం తక్కువ చూపించి దొరికిపోయినవాళ్ళకి ఆ తర్వాత ఏ మాట చెప్పినా కోర్టు నమ్మదు, 498ఏలో మీరు చెప్పే నిజం కూడా నమ్మకపోవచ్చు. మెయింటెనెన్స్ తప్పించుకోవడానికి ఉద్యోగం మానేసినవాళ్ళని చూశాను, చదువు, అనుభవం చూసి సంపాదించగలిగినంత లెక్కగట్టి కోర్టు ఎలాగూ వేస్తుంది, ఉద్యోగం మాత్రం పోయింది.

కేసు నడుస్తుండగా మీ అంతట మీరే ఎంతో కొంత నెలనెలా పంపండి, పిల్లలుంటే తప్పకుండా. బ్యాంకు ద్వారానే, క్యాష్ వద్దు, ఫలానా నెల ఖర్చులకి అని రిమార్క్‌లో రాయండి. డీవీసీలో ఇంత, ఎంసీలో ఇంత అని రెండు చోట్లా ఆర్డర్ అయితే ఒకదాని సంగతి రెండో కోర్టుకి చెప్పండి, సర్దుబాటు చెయ్యమని అదే తీర్పు చెప్తోంది.

6. ఆవిడ బంగారం, సామాను తిరిగి ఇచ్చెయ్యండి

స్త్రీధనం పూర్తిగా ఆవిడదే అని 1985లో ప్రతిభా రాణి కేసు నుంచీ ఉన్న మాట. దగ్గర పెట్టుకుంటే నమ్మకద్రోహం సెక్షన్ కూడా కలుస్తుంది. కొందరి ఇళ్ళల్లో ఆ బంగారం అప్పటికే భర్త వ్యాపారం కోసం బ్యాంకులో తాకట్టులో ఉంటుంది, ఆ సంగతి లాయర్ దగ్గర దాచకుండా చెప్పి విడిపించే ఏర్పాటు చూడండి. ఇచ్చేటప్పుడు ఇంటికి తీసుకెళ్ళి ఇచ్చి రాకండి. లిస్టు రాసి, ఫోటోలు తీసి, కోర్టు ద్వారానో ప్రొటెక్షన్ ఆఫీసర్ ముందో అప్పగించి, లిస్టు మీద అందినట్టు సంతకం తీసుకోండి. ఆవిడ చదువు సర్టిఫికెట్లు, పాస్‌పోర్ట్, పిల్లల పుట్టిన సర్టిఫికెట్లు ముందు ఇవ్వండి, అవి ఆపి బేరం పెట్టేవాళ్ళ పక్కన నేను నిలబడను.

7. సాక్ష్యం ఎలా సర్దాలి

ఒక పెద్ద కాగితం మీద మూడు గళ్ళు గీయండి. మొదటి గడిలో కంప్లైంట్‌లో ఉన్న ఒక్కో ఆరోపణ, తేదీతో. రెండో గడిలో ఆరోజు మీరెక్కడున్నారు, ఏం జరిగింది. మూడో గడిలో దానికి ఉన్న కాగితం. మూడో గడి ఖాళీగా ఉన్నవి ఖాళీగానే ఉంచండి, సాక్ష్యం పుట్టించకండి. ఈ ఒక్క కాగితంతో వచ్చే క్లయింట్ కేసు సగం తేలికవుతుంది, క్రాస్ ఎగ్జామినేషన్ మొత్తం దీని మీదే నడుస్తుంది.

వాట్సాప్ చాట్, రికార్డింగులు ఉంటే మొత్తంగా ఉంచండి, మీకు అనుకూలమైన నాలుగు లైన్లు స్క్రీన్‌షాట్ తీసి మిగతాది చెరిపేస్తే అసలుకే ముప్పు. ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి ఇప్పుడు భారతీయ సాక్ష్య అధినియం 63(4) సర్టిఫికెట్ కావాలి, పాత 65బీ లాంటిదే కానీ హాష్ విలువ (ఫైల్ మార్చలేదని చూపే కోడ్) కూడా రాయాలి, ఇందుకే అసలు ఫోన్ ఉండాలన్నది. భార్యాభర్తల మధ్య రహస్యంగా రికార్డ్ చేసిన సంభాషణని విడాకుల్లాంటి కేసుల్లో చూడొచ్చని 2025 జూలైలో సుప్రీంకోర్టు చెప్పింది. దాన్ని పట్టుకుని ఆవిడ ఫోన్ పాస్‌వర్డ్ కొట్టడం, మెయిల్ తెరవడం చేస్తే ఐటీ చట్టం కింద మీరే నిందితులు.

సీసీటీవీ ఉంటే ఈరోజే అపార్ట్‌మెంట్ అసోసియేషన్‌కి రాతపూర్వకంగా అడగండి, చాలా చోట్ల కొద్దిరోజులకే పాతది చెరిగిపోయి కొత్తది ఎక్కుతుంది.

8. అమ్మానాన్న, అక్కాచెల్లెళ్ళ పేర్లు

ఏ1 అంటే మొదటి నిందితుడు మీరు, ఏ2 అమ్మ, ఏ3 నాన్న, ఏ4 ఆడపడుచు, ఎఫ్‌ఐఆర్‌లో ఈ వరస చూసి చూసి మాకు అలవాటైపోయింది. ప్రత్యేకంగా ఎవరు ఏం చేశారో లేకుండా "అందరూ కలిసి వేధించారు" అని మాత్రమే ఉంటే బంధువుల మీద కేసు నిలవదని సుప్రీంకోర్టు చాలాసార్లు చెప్పింది. రెండు మన తెలంగాణ నుంచి వెళ్ళిన కేసులే, 2018లో కె. సుబ్బారావు కేసులో భర్త మేనమామల మీద, 2024 డిసెంబర్ 10న దారా లక్ష్మీనారాయణ కేసులో భర్త, అతని కుటుంబం మీద కేసు కొట్టేశారు. ఆ రెండో తీర్పులోనే ఇంకో మాట కూడా ఉంది, నిజంగా హింసకి గురైన ఆడవాళ్ళు నోరు మూసుకుని ఉండాలని మా ఉద్దేశం కాదు అని. ఒక్క సగమే ఫార్వర్డ్ చేసుకునేవాళ్ళు ఆ సగం కూడా చదవాలి.

దారులు: హైకోర్టులో 528 కింద క్వాష్, లేదా ఛార్జిషీట్ కాపీలు అందాక కింది కోర్టులో డిశ్చార్జ్ పిటిషన్, అంటే విచారణ మొదలవ్వకముందే కేసులోంచి తప్పించమని అడగడం. డిశ్చార్జ్‌కి కొత్త చట్టంలో కాపీలు అందిన రోజు నుంచి 60 రోజుల గడువు పెట్టారు, పాత అలవాటులో ఊరుకుంటే దాటిపోతుంది. వేరే ఊళ్ళో ఉండే బంధువుల పేరు పక్కన తేదీ, పని, మాట స్పష్టంగా రాసి ఉంటే మాత్రం క్వాష్ కష్టం, ట్రయల్‌కి సిద్ధపడండి. డీవీసీని కూడా హైకోర్టు కొట్టెయ్యొచ్చని 2025 మేలో సుప్రీంకోర్టు చెప్పింది కానీ చాలా అరుదుగా వాడాలని అదే నోటితో చెప్పింది.

పెద్దవాళ్ళు ప్రతి వాయిదాకీ రాలేకపోతే హాజరు మినహాయింపు అడగండి, పాత 205, ఇప్పుడు 228. ఒక్క వాయిదాకైతే ఆబ్సెంట్ పిటిషన్. అదీ వెయ్యకుండా ఎగ్గొడితే ఎన్‌బీడబ్ల్యూ (నాన్‌బెయిలబుల్ వారెంట్) వస్తుంది, 70 ఏళ్ళ ఆయన వారెంట్ రీకాల్ కోసం బోనులో నిలబడటం చూడలేం.

9. రాజీ కుదిరితే

రాజీ మంచిదే, చాలా కేసులు అలాగే ముగుస్తాయి. తప్పు ఎక్కడ జరుగుతుందంటే పెద్దమనుషుల దగ్గర డబ్బు మొత్తం ఒకేసారి ఇచ్చేసి, కేసు వాళ్ళే తీసేస్తారులే అని వచ్చెయ్యడం. డీవీసీ, ఎంసీ, విడాకులు, 498ఏ, ఒక్కొక్కటీ ఒక్కో చోట ముగియాలి. ఒప్పందంలో ప్రతి కేసు నంబరూ రాయండి, డబ్బు విడతలుగా పెట్టండి: పరస్పర విడాకుల పిటిషన్ వేసేటప్పుడు కొంత, ఆ విడాకులకి కోర్టులో ఇచ్చే రెండో స్టేట్‌మెంట్ రోజు కొంత, హైకోర్టులో క్వాష్ అయ్యే రోజు మిగతాది. రాజీ అయితే 498ఏ హైకోర్టు కొట్టెయ్యొచ్చని 2003 బీఎస్ జోషి తీర్పు నుంచీ ఉంది. పరస్పర విడాకులకి ఆర్నెల్లు ఆగడం తప్పనిసరి కాదు, కోర్టు మాఫీ చెయ్యొచ్చని 2017లో అమర్‌దీప్ సింగ్ కేసులో చెప్పారు. పిల్లల్ని ఎప్పుడు ఎక్కడ కలవాలో కూడా అందులోనే రాయండి, తర్వాత మాట్లాడుకుందాం అన్నవి తర్వాత కుదరవు.

10. బయట దేశాల్లో ఉంటే

అమెరికాలోనో దుబాయ్‌లోనో ఉన్నారని కేసు ఆగదు. నోటీసుకి సమాధానం ఇవ్వకుండా, కోర్టుకి రాకుండా ఉంటే లుకౌట్ సర్క్యులర్ వస్తుంది, చెల్లెలి పెళ్ళికి శంషాబాద్‌లో దిగినప్పుడు ఆపేస్తారు. లాయర్‌ని పెట్టి, వకాలత్ పంపి, వచ్చే తేదీ ముందే చెప్పి రండి. పాస్‌పోర్ట్ పోలీసులు స్వాధీనం చేసుకోగలరు కానీ దాన్ని ఇంపౌండ్ చేసే, అంటే తమ దగ్గరే అట్టేపెట్టుకునే, అధికారం పాస్‌పోర్ట్ ఆఫీసుదే, 2008 సురేశ్ నందా కేసు అది. కేసు ఉన్నా రెన్యువల్, ప్రయాణం కోసం కోర్టు అనుమతి అడగొచ్చు, టికెట్ కొన్నాక కాదు, కొనకముందు అడగండి.

ఎవరూ అడగని విషయం

ఈ కేసుల్లో మొదటి రెండు నెలలు నిద్ర ఉండదు, కొంతమందికి చచ్చిపోవాలనే ఆలోచనలొస్తాయి. అలా ఉంటే 14416కి ఫోన్ చెయ్యండి, టెలీ మానస్, 24 గంటలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు. కోపం వస్తే చెయ్యి లేచే అలవాటు మీకు ఉందని మీకు తెలిస్తే దానికీ డాక్టర్ దగ్గరకి వెళ్ళండి, కోర్టుకి చూపించడానికి కాదు.

అన్నీ సరిగ్గా జరుగుతున్నాయని ఎలా తెలుస్తుంది

ఈకోర్ట్స్ యాప్‌లో మీ ప్రతి కేసునీ 16 అక్షరాల సీఎన్‌ఆర్ నంబర్‌తో పెట్టుకుని వారానికోసారి చూడండి, లాయర్ గుమాస్తా చెప్పిన తేదీ, యాప్‌లో తేదీ ఒకటో కాదో సరిచూడండి. తేడా ఉంటే ఆరోజే ఫోన్ చెయ్యండి. స్టేజ్ దగ్గర ఎన్‌బీడబ్ల్యూ అని కనిపిస్తే స్టేషన్ నుంచి ఎవరో వచ్చేదాకా ఆగకుండా మర్నాడే రీకాల్ వేయించండి. ప్రతి ఆర్డర్‌కీ సర్టిఫైడ్ కాపీ తీసుకోండి.

కేసు కొట్టేసిన రోజు అందరూ స్వీట్లు పంచి వెళ్ళిపోతారు. ఆ తర్వాత చెయ్యాల్సినవి మూడున్నాయి. తీర్పు సర్టిఫైడ్ కాపీలు మూడు నాలుగు తీసుకోవాలి. పాత వారెంట్ ఏదైనా ఉండి ఉంటే అది స్టేషన్ రికార్డుల్లో రద్దయిందో లేదో చూసుకుని, తీర్పు కాపీ ఇచ్చి అందినట్టు సంతకం తీసుకోవాలి. లుకౌట్ సర్క్యులర్ ఉంటే దాన్ని తీసెయ్యమని దాన్ని తెరిపించిన పోలీస్ ఆఫీసుకి రాతపూర్వకంగా అడిగి, తీసేశారని జవాబు వచ్చేదాకా వెంటపడాలి. ఆ జవాబు చేతికొచ్చాకే టికెట్ బుక్ చెయ్యండి.